రంగస్థలపు జ్ఞాపకమునకొక యిల్లు

మాస్కో నగరమున, నదికి దక్షిణపుటొడ్డున, జామొస్క్వరేచ్యె అను పేర నొక పాత వర్తకవాటిక కలదు. అక్కడ పావెలెత్స్కీ రైలుస్టేషను ముందరి మైదానమునకు చేరువగా, వాహనముల రొద నడుమ, ఆంగ్లదేశపు గోథిక్ కట్టడములను తలపించు ఒక పాత భవనము నిలిచియున్నది. స్టేషనుకంటె ఇల్లే పాతది. కార్ల్ గిప్పియస్ అను వాస్తుశిల్పి 1895-96 సంవత్సరములలో దానిని నిర్మించెను. నిర్మింపజేసినవాడు అలెక్సీ బఖ్రూషిన్. తోళ్లపరిశ్రమలోను బట్టల వ్యాపారములోను ధనమార్జించిన కుటుంబమున పుట్టి, అప్పుడే పెండ్లియాడి కాపురము పెట్టుచుండిన ముప్పదియేండ్ల యువకుడు. ఇల్లు కట్టించుకొన్నది కాపురమునకే. కాని నటుల ఉత్తరములు, నర్తకీమణుల పాదరక్షలు, చిరిగిన కరపత్రములు, ఒకప్పుడు దీపకాంతిలో తళతళలాడి ఆ తరువాత పెట్టె అడుగున మాసియున్న వేషభూషణములు సైతము నూతనవధువుతోబాటు ఆ యింట గృహప్రవేశము చేసినవి. నేడది బఖ్రూషిన్ నామమును ధరించిన నాటక మ్యూజియము. ఆ యింటను దాని శాఖలయందును కలిపి సుమారు 15 లక్షల వస్తువులు, పత్రములు కలవు. ప్రపంచమున ఇట్టి మ్యూజియములలో మిక్కిలి పెద్దవానిలో నిది యొకటి.

నాటకమునకు మ్యూజియమేమి యని శంకించువారు ఉండవచ్చును. వారి శంక అసమంజసము కాదు. శిల్పమును భద్రపరచుట యనగా శిల్పమునే భద్రపరచుట. పటమును దాచుట యనగా పటమునే దాచుట. నాటకమట్లు కాదు. తెర దిగిన ముహూర్తముననే అది లేకపోవును. మరునాడు అదే నటుడు అదే పాత్రను ధరించినను అది వేరొక నాటకమే. భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెరగులుగా విభజించియున్నాడు గదా. ఆ విభాగమునే చేతబట్టుకొని ఇట్టి మ్యూజియమున ప్రవేశించినచో, ఏది నిలుచునో యేది నిలువదో స్పష్టముగ గోచరించును. ఆహార్యము, అనగా వేషభూషలు, తెరలు, రంగోపకరణములు, జాగ్రత్త చేసినంత కాలము నిలుచును. వాచికమునకు లిఖితప్రతి కొంత ఆధారము. గ్రామఫోను వచ్చిన పిదప కంఠస్వరము కూడ కొంత చిక్కినది. ఆంగికము ఛాయాచిత్రమున గడ్డకట్టిన భంగిమగా మాత్రమే మిగులును. ఇక సాత్త్వికము, నాటకమునకు ప్రాణమనదగినది, చూచినవారి హృదయమున తప్ప వేరెక్కడను ఉండజాలదు. ఆ చూచినవారును ఒక దినమున వెడలిపోవుదురు. అయినను ఒక ప్రేక్షకుడు ఆ రాత్రి ఇంటికి పోయి తాను కన్నీరు కార్చితినని మిత్రునికి వ్రాసిన యుత్తరము నిలుచును. నటుడు తన పాత్రప్రతి అంచున పెన్సిలుతో గీసికొన్న గుర్తు నిలుచును. ఇట్టి వేలకొలది అల్పవస్తువులు ఒక్కచోట చేరినప్పుడు, అవి పరస్పరము సాక్ష్యము పలికి, పోయిన నాటకపు ఆకృతిని కొంతవరకు మనకు చూపగలవు. విడివిడిగా నున్నప్పుడు వానిలో ప్రతియొకటియు చెత్తయే. నాటకపత్రములకు ఇల్లు కావలెననుటకు మొదటి కారణమిదియే.

బఖ్రూషిన్ సేకరణము ఎట్లారంభమయ్యెనను విషయమున ఆ కుటుంబమున చెప్పుకొనుచు వచ్చిన కథ యొకటి కలదు. 1890 ప్రాంతమున ఆయన జ్ఞాతి యొకడు నాటకసంబంధములైన వస్తువులను కూర్చి, తన సేకరణమును నలుగురిలో పొగడుకొనుచుండగా, నెలదినములలో దానిని మించినది నేను కూర్చెదనని బఖ్రూషిన్ పందెము వైచెనట, గెలిచెనట. ఆ రోజులలోనే మాస్కోలోని సుఖారెవ్కా అంగడిలో దుమ్ము పట్టి మాసియున్న 22 చిన్న చిత్రపటములు ఆయన కంటబడెనని, రంగవేషములు ధరించిన ఆ స్త్రీపురుషులు షెరెమెత్యెవ్ ప్రభువుల కుస్కోవో నాటకశాలయందలి దాసనటులుగా పిమ్మట గుర్తింపబడిరని చెప్పుదురు. దాసనటులనగా నెవ్వరో మన పాఠకులకు చెప్పవలసియున్నది. రష్యాలో 1861వ సంవత్సరమున అర్ధదాస్యవ్యవస్థ రద్దగువరకు, ప్రభువులు తమ భూములతోబాటు తమ సొత్తుగా నుండిన రైతుబిడ్డలకు సంగీతనాట్యములు నేర్పించి, తమ మేడలలో నాటకములాడించుచుండిరి. వారిలో ప్రస్కోవ్య జెమ్చుగోవా అను గాయని తన ప్రభువైన నికొలాయ్ షెరెమెత్యెవును 1801లో వివాహమాడి, రెండేండ్లకే మరణించెను. మరి యెందరో పేరు లేకయే గతించిరి. అంగడి ధూళిలోనుండి చేతికి వచ్చినవి అట్టివారి ముఖములగుట, యాదృచ్ఛికమే యైనను, ఆ మ్యూజియమునకు తగిన ఆరంభము.

పందెము ఒక నెలలో ముగిసెను. సేకరణము మాత్రము ఆయన కడయూపిరి వరకు ముగియలేదు. పాత సరకు అమ్మువారు, నటుల వారసులు, నాటకశాలల పనివారు, పేరుగన్న నటీనటులు ఎల్లరును ఆయనకు తెలిసినవారైరి. పరిహాసము చేసినవారును లేకపోలేదు. పటములు కొనువాడు కళాపోషకుడు. గతించిన నటుని చేతితొడుగు కొనువాడు వెర్రివాడు అను భావము ఆ కాలమున కలదు. మన నడుమ ఈనాటికిని కలదు. 1894వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన, వారి పాత పంచాంగము ప్రకారము, తన సేకరణమును తొలిసారిగా అందరికిని చూడనిచ్చెను. మ్యూజియము పుట్టినదినముగా ఆయన ఆ తేదీనే లెక్కించుకొనెను. అప్పటికి ఈ యిల్లింకను లేదు. వస్తువులు ముందు, ఇల్లు తరువాత. నేడు ముందుగా భవనమును కట్టి, శిలాఫలకము నాటి, అందేమి యుంచవలెనని ఆ పిదప ఆలోచించు వారు ఈ వరుసను గమనింపవలెను.

క్రొత్తయింటిలో మొదట సేకరణమునకు దక్కినవి నేలకు సగము దిగియున్న అంతస్తులోని మూడు గదులు మాత్రమే. అక్కడినుండి అది క్రమముగా పైకి ప్రాకి, పై గదులను ఆక్రమించి, నివాసమున్న కుటుంబమును ఒక మూలకు ఒదిగించెను. శనివారములందు ఆ యింట రంగస్థలప్రముఖులు గుమికూడుట మాస్కోలో వాడుకయయ్యెను. ఎర్మోలోవా, యూజిన్, లెన్స్కీ మున్నగు మాలీ నాటకశాల దిగ్గజములు ఆ గోష్ఠులకు వచ్చినవారే. వచ్చినవారు తమ వస్తువులను తామే తెచ్చియిచ్చుచుండిరి. ఇది గమనింపదగిన విషయము. మ్యూజియమనగా గతించినవారి సామగ్రి కుప్పయని తలచు మనకు, జీవించియున్న నటులు సాయంకాలము వచ్చి తేనీరు త్రావుచు, తాము విడిచిన వేషమును తామే అక్కడ అప్పగించిపోవుచుండిరన్న మాట వింతగా తోపవచ్చును. కాని నటుని పెట్టె అతడు కన్ను మూసిన పిదప ఎవరి చేతబడునో ఎవ్వరెఱుగుదురు? అతడు జీవించియుండగా, ఇది ఫలానా ప్రదర్శనమున ధరించితిని, ఈ చిరుగు ఫలానా రాత్రి కలిగినది అని చెప్పగలిగినప్పుడే ఆ వస్తువునకు చరిత్ర అంటుకొని యుండును. ఓపెరా గాయకుడు షాల్యాపిన్ బోరిస్ గొదునోవు పాత్రలో ధరించిన రాజవస్త్రము నేడు ఈ మ్యూజియమున నున్నది; అది ఎవరిదో తెలియనిచో బరువైన యొక పాత అంగీ మాత్రమే.

ఈ సేకరణము జామొస్క్వరేచ్యెలో వెలయుట నాకెంతయు ఆలోచింపదగినదిగా తోచును. ఆ పేటలోనే 1823లో అలెక్సాండర్ ఒస్త్రోవ్స్కీ జన్మించెను. రష్యా నాటకమునకు స్వదేశీయమైన ఇతివృత్తమును, వీధిలో వినబడు భాషను తెచ్చిన ఈ మహారచయిత, తన పేటలోని వర్తకుల లోభమును, గృహనిరంకుశత్వమును, కోడండ్ర కన్నీళ్లను దాచక రంగమెక్కించెను. దివాలా మోసమును చిత్రించిన ఆయన తొలి పెద్దనాటకము చాలకాలము ప్రదర్శనకు నోచుకొనలేదు. అట్టి వర్తకకులముననే, ఒస్త్రోవ్స్కీ మరణించిన కొలది యేండ్లకు, ఒస్త్రోవ్స్కీని ఆడిన నటుల జ్ఞాపకములను ఇంటినిండ నింపుకొనిన బఖ్రూషిన్ వెలసెను. తమను నిందించిన కళను తమ బిడ్డయే గుండెకు హత్తుకొనెను. ఆసుపత్రులు, అనాథగృహములు కట్టించిన దాతలుగా ఆ కుటుంబము అప్పటికే ప్రసిద్ధమైయుండెను. 1885లో కోర్ష్ నాటకశాల లేచినదియు వారి స్థలముననే. అయినను ఆసుపత్రికిచ్చు దానమునకును పాత కరపత్రమును దాచుటకును భేదము కలదు. మొదటిది ఫలము కనులెదుట కనబడు పుణ్యము. రెండవది, ఫలము ఏ తరమువారికి దక్కునో తెలియని శ్రమ.

ఇక బఖ్రూషిన్ చేసిన పనులలోకెల్ల గొప్పదని నేను తలచునది సేకరణము కాదు, దానిని విడిచిపెట్టుట. సేకరణము ఒక మేరను దాటిన పిదప దానిపై తనకొక్కనికే అధికారముండుట న్యాయము కాదని, అది జనులదే కావలెనని ఆయనకు నిశ్చయము కలిగెను. మొదట మాస్కో నగరపాలకసంఘమునకు ఈయజూచెను. ఆయనయు ఆ సంఘమున సభ్యుడే. అయినను పోషణభారమునకు వెనుదీసి నగరపెద్దలు ఆసక్తి చూపలేదు. ఇట్టి తిరస్కారము పొందిన దాత సాధారణముగా చేయునది, కోపించి తలుపులు మూసికొనుట. లేదా వారసులకు వదలి మరణించుట. ఆయన ఆ రెండును చేయక, విజ్ఞానపరిషత్తునకు అధ్యక్షుడుగా నుండిన కన్‌స్తన్తీన్ కన్‌స్తన్తీనవిచ్ మహాప్రభువు సహాయమున, 1913వ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఇంటితోసహా సేకరణమును ఆ పరిషత్తునకు సమర్పించెను. ఈ మహాప్రభువు స్వయముగ కవి, నాటకరచయిత, రంగస్థలముపై ఆదరము గలవాడు. దానపత్రము ముగిసిన మరునాడు దాత దూరముగ తొలగలేదు. ఆ మ్యూజియమునకు తానే పాలకుడై, తన సొత్తు కాని తన యింటిలో, తన సొత్తు కాని వస్తువులకు సేవ చేయుటకు కూర్చుండెను.

నాలుగేండ్లు గడువకముందే విప్లవము చేత రష్యాలో సమస్తమును తలక్రిందులయ్యెను. వర్తకుల మేడలు, మిల్లులు, ధనము ప్రభుత్వపరమయ్యెను. అనేకులు దేశము విడిచిపోయిరి. బఖ్రూషిన్ పోలేదు. వ్యాపారమును, ఐశ్వర్యమును కోల్పోయెను గాని మ్యూజియమును కోల్పోలేదు. అది అప్పటికే ఆయనది కాదు గనుక. 1919లో క్రొత్తప్రభుత్వము ఆ సంస్థకు ఆయన పేరునే నిలిపెను. ఆ నిర్ణయమునకు లెనిన్ ఆమోదము కలదు. నిన్నటి కోటీశ్వరుని పేరు ఒక ప్రజాసంస్థకు అతడు బ్రతికియుండగనే పెట్టుట ఆ కాలమున మిక్కిలి అరుదు. 1929 జూనులో మరణించువరకు ఆయనయే అధిపతిగా నుండెను. 1913లో ఆ దానము జరుగకుండినచో, 1917 తరువాత ఆ వస్తువులు ఏమైయుండునో చెప్పజాలము. ఎన్నియో గృహములలోని పుస్తకములు, పటములు చెల్లాచెదరైనవనుట మాత్రము చరిత్ర. వ్యక్తిగతమైన ప్రేమ సేకరింపగలదు. కాపాడుటకు వ్యక్తికంటె దీర్ఘాయువు గల సంస్థ కావలెను. సంస్థ మాత్రము ఎంత పెద్దదైనను, అంగడి దుమ్ములో మోకాళ్లపై కూర్చుండి పటము నేరజాలదు. ఈ రెండింటిని సరియైన సమయమున కలిపినందుననే ఆ యిల్లు నేటికిని తెరచియున్నది.

ఆ తరువాత ఆ సంస్థకు ఇతర గృహములు కూడ చేరినవి. ఒస్త్రోవ్స్కీ జన్మించిన యిల్లు, ఎర్మోలోవా నివసించిన గృహము, దాసుడుగ పుట్టి మహానటుడైన ష్చేప్కిన్ ఇల్లు దాని శాఖలు. వీనిలో నా మనస్సును ఎక్కువగ కలచునది మేయర్‌హోల్డ్ నివాసము. విప్లవమును స్వాగతించి రంగస్థలమునకు నూతనరూపము కల్పించిన ఆ దర్శకుని 1939లో బంధించిరి. నెల తిరుగకముందే ఆయన భార్య, నటీమణి జినైదా రైఖ్, ఆ యింటిలోనే హత్యకు గురియయ్యెను. 1940 ఫిబ్రవరిలో ఆయనను కాల్చి చంపిరి. పేరు పలుకుటయే నేరమైన యేండ్లు గడచెను. నేడా గదులలో సందర్శకులు నడచుచున్నారు. నాటకచరిత్రను దాచుట ప్రశాంతమైన వినోదమని తలచువారు ఆ వాకిట ఒక్క నిమిషము నిలిచి చూడవలెను.

ఇతర దేశములందును ఇట్టివి కలవు. జర్మనీలోని మ్యూనిక్ నగరమున, 1909లో మరణించిన క్లారా జీగ్లర్ అను నటి తన ఇంటిని ధనమును ఇచ్చి నాటక మ్యూజియమునకు అంకురార్పణ చేసెను. రెండవ ప్రపంచయుద్ధమున ఆ భవనము నాశనమయ్యెను గాని సంస్థ వేరొక చోట బ్రతికినది. వియన్నాలో లోబ్కొవిట్స్ ప్రాసాదము 1991లో నాటక మ్యూజియమయ్యెను. 1804లో బేతోవెన్ మూడవ సింఫనీ, ప్రజలు వినకముందు, వాద్యగాండ్రు మొదట సాధనచేసిన భవనమది. ప్రాసాదపు వైభవము చేత సందర్శకుని చూపు గోడలపైననే నిలిచిపోవు ప్రమాదము అక్కడ లేకపోలేదు. మాస్కో గృహమునకు ఆ భయము తక్కువ. అది రాజుల యిల్లు కాదు, సేకరించినవాని యిల్లు.

ఈ కథ తెలుగువారికి ఏల యని అడుగువారికి మూడు సంవత్సరములను జ్ఞాపకము చేయుదును. 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధినిని ఆడించిరి. 1885లో కడప మండలమున సురభి గ్రామమునందు వనారస వారి నాటకసమాజము పుట్టెను. 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారు గురజాడవారి కన్యాశుల్కమును ప్రదర్శించిరి. అనగా బఖ్రూషిన్ అంగళ్లలో తిరుగనారంభించిన కాలమునకు కొంచెము ముందువెనుకలుగనే మన ఆధునిక నాటకము కండ్లు తెరచినది. ఒస్త్రోవ్స్కీ తన పేటను చూపినట్లే గురజాడవారును తమ చుట్టునున్న అగ్రహారములను దాపరికము లేక చూపిరి. పుట్టుకలో మనము వెనుకబడలేదు, దాచుకొనుటలో వెనుకబడితిమి.

మన రంగస్థలసంపదను ఒకసారి తలచుకొనుడు. సురభివారి చిత్రిత పరదాలు, మాయాదృశ్యములకు వాడిన యంత్రోపకరణములు. పద్యనాటక కాంట్రాక్టర్లు ఊరూర పంచిన రంగుకాగితపు కరపత్రములు. హార్మోనిస్టులు రాగములు గుర్తుపెట్టుకొనిన నోటుపుస్తకములు. బళ్లారి రాఘవాచార్యులవారు, స్థానం నరసింహారావుగారు నటించిన దినములలోని చిత్రములు, విమర్శలు. పల్లెలలో పెట్రోమాక్సు వెలుతురున వేసికొనిన కిరీటములు, భుజకీర్తులు, రంగుపెట్టెలు. గ్రామఫోను రికార్డులను సేకరించినవారు మన నడుమ కలరు. నాటకచరిత్రలు వ్రాసిన విద్వాంసులు కలరు. వారి శ్రమను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. గురజాడవారి ఇంటిని, కందుకూరివారి ఇంటిని స్మారకములుగ నిలుపుకొంటిమి, సంతోషము. కాని రంగస్థలసర్వస్వమును ఒక్క కప్పు క్రిందికి చేర్చి, పట్టిక వ్రాసి, పరిశోధకునికి, నటవిద్యార్థికి, కుతూహలముగల పిల్లవానికి చేతికందించు గృహమును మనమింకను సంపాదించుకొనవలసియే యున్నది.

పాత భవనములకు మనకు లోటు లేదు. వనపర్తి సంస్థానపు రాజప్రాసాదము పాలిటెక్నిక్ కళాశాలగా ఎన్నియో యేండ్లనుండి ఉపయోగపడుచున్నది. సంస్థానముల మేడలు, జమీందారీ బంగళాలు, విడిచిన కచేరీలు మరి యెన్నియో కలవు. కాని మేడ యున్నంతమాత్రమున చాలదు. చెమ్మ, చెదలు, ఎండ అను మూడు శత్రువులు కాగితమును, బట్టను తినివేయును. మాస్కోలో చలికి చెదలు పుట్టవు, గోదావరి తీరమున పుట్టును. కాబట్టి వాస్తుసౌందర్యముకంటె ముందుగా గాలి, పొడితనము, వస్తువుల పట్టిక వ్రాయు ఉద్యోగి, ఏటేట ఆగని వ్యయము చూచుకొనవలెను. ప్రారంభోత్సవమునకు కేటాయించు ధనములో సగము పట్టికకు కేటాయించినచో నేను తృప్తిపడుదును. అట్టి బాధ్యత విశ్వవిద్యాలయమునకో, చట్టబద్ధమైన యొక ధర్మనిధికో అప్పగింపవలెను గాని, ప్రభుత్వము మారినప్పుడెల్ల దిక్కు మారు సంఘమునకు అప్పగించుట తగదు.

అది ఏర్పడువరకు, రంగస్థల కుటుంబములవారికి నా విన్నపమొకటి. తాతగారి నాటకపు పెట్టెను పాతసామానుల బండికి వేయకముందు ఒక్కసారి తెరచి చూడుడు. ఛాయాచిత్రము వెనుక అందు నిలిచినవారి పేర్లు, ఊరు, నాటకము పేరు పెన్సిలుతో వ్రాయుడు. కరపత్రముపై సంవత్సరము లేకున్న, తెలిసిన పెద్దలను అడిగి వ్రాయుడు. చెప్పగల పెద్దలు ఇంకను మీ యింట ఉన్నచో, ఈ పనిని రేపటికి వాయిదా వేయకుడు.